పొదుపరుల పందెము

పావగడ తాలూకాలో కూర్చుండి ఈతను గూర్చి వ్యాసము వ్రాయుట చదువరులకు నవ్వు పుట్టింపవచ్చును. మా ఉత్తర పినాకిని నాగలమడిక సుబ్రహ్మణ్యస్వామి గుడి కడ నదియని పిలువబడుచున్నదే కాని, ఏటిలో అధికభాగము ఇసుకయే దాని ప్రవాహము. ఇచట ఏలుబడి కన్నడము, ఇంటిమాట తెలుగు, మేఘము మాత్రము ఉభయభాషల యందును మౌనమే. అయినను, ఈతయు సైకిలు త్రొక్కుటయు పరుగును, నడుమ విశ్రాంతి యనునది లేక, ఒకదాని వెంట నొకటిగా ఒక్క దినమున సాధించు ట్రయథ్లాన్ అను విద్యకు మా సీమకంటె తగిన పాఠశాల లేదని నా వాదము. లోకులు దానిని బలవంతుల పందెమనుకొందురు. అది పొదుపరుల పందెము. కరవులో పుట్టి, కడివెడు నీటితో దినమంతయు గడుపనేర్చిన వానికి అందలి రహస్యము వేరుగా చెప్పనక్కరలేదు.

పుట్టుపూర్వోత్తరములను రెండు మాటలలో తేల్చివేసెదను. నాకవి అంత రుచింపవు. 1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్ డియేగో పరుగుసంఘమువారు మిషన్ బే కడ దీనికి శ్రీకారము చుట్టిరి. పిమ్మట హవాయి ద్వీపమున, ఈతగాడు గొప్పయా పరుగరి గొప్పయా యని వాదు రేగగా, జాన్ కాలిన్స్ అను నౌకాదళాధికారి ఆ యిద్దరును కారు, సైకిలువాడే గొప్పయని మూడవ పుల్ల వేసెననియు, ఆ తగవు తీర్చుటకే మూడింటిని ముడివేసిరనియు చెప్పుకొందురు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది దిగి 12 మంది ముగించిరి. ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2, ఇది ఐరన్‌మ్యాన్, దీనికి గడువు 17 గంటలు. ఇందులో సరిగా సగము వేరొక పందెము. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో చేరినది మరింత కుఱుచ రూపము. చరిత్ర ఇంతటితో చాలును.

ఈ విద్యను పట్టిన మా వీధి చివరి యింటి కుఱ్ఱవాడు తిరుమణి దగ్గరి సౌరవిద్యుత్ క్షేత్రమున పలకలు తుడుచు పని చేయును. ఏ యెండ మా వేరుసెనగను మాడ్చి మావారిని బెంగుళూరికి తరిమెనో, ఆ యెండయే నేడు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్లై రైతులకు గుత్త చెల్లించుచున్నది. ఆ పలకల కొరకు వేసిన తిన్నని రోడ్లే వీనికి అభ్యాసరంగములైనవి. ఈతకు మాత్రము చిన్నాయన చేనిలోని కృషి హొండ యను సేద్యపు నీటిగుంటయే గతి. గట్టు నుండి గట్టునకు పండ్రెండు బారలు లేని ఆ గుంటలో సగపు పందెమునకు వలసిన 1,900 మీటర్లు ఈదవలెనన్న తొంబది మార్లు తిరుగవలెను. తిరిగిన ప్రతిసారియు గట్టును తన్ని ముందుకు సాగుట అలవాటైనచో, సముద్రములో తన్నుటకు గట్టెక్కడిది? కావున వాడు నడుమునకు మెత్తని త్రాడు కట్టి, దాని కొసను గట్టుమీది వేపచెట్టునకు ముడివేసి, ఉన్నచోటు కదలక ముప్పావుగంట ఈదును. ప్లాస్టిక్ పట్టా పరచిన ఒడ్డు జారును, జారినవాడు తిరిగి ఎక్కలేడు; అందుచేత అన్న వచ్చి గట్టుపై కూర్చుండనిదే నీట దిగడు. మొదటి దినము చూచి, "ఏమిరా, కాళ్లు ఆడించవు, బద్ధకమా?" అంటిని. వాడు నీటిలోనుండియే, "కాళ్లు ఈడే వాడేస్తే సైకిలు ఎవురు తొక్కుతారు సార్, మీరొస్తారా?" అనెను.

ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. ఈతలో మోచేతిని నీటి మట్టమునకు దగ్గరగా ఎత్తుగా నిలిపి, అరచేయి మొదలు మోచేతి వరకు ఒకే తెడ్డుగా చేసి నీటిని పట్టి వెనుకకు నెట్టవలెను. నీటిని కొట్టువాడు అలయును, పట్టువాడు సాగును. ఊపిరి ఉభయపార్శ్వములకును తిరిగి తీయనేర్వవలెను, లేనిచో అల వచ్చు దిక్కుననే నోరు తెఱచి ఉప్పునీరు మ్రింగవలసివచ్చును. కొన్ని బారలకొకమారు మొసలివలె కన్నులు మాత్రము పైకెత్తి దూరమున తేలు గుఱుతును చూచుకొనవలెను. ముందు ఈదువాని పాదముల వెనుక చేరి, వాడు చీల్చిన నీటిలో సుఖముగా సాగుట ధర్మసమ్మతమే. విచిత్రమేమన, నీట ధర్మమైన ఈ పనియే దీర్ఘపందెములలో రోడ్డుపై పాపము: ముందరి సైకిలునకు 12 మీటర్ల ఎడము పాటింపవలెను, దాటదలచినచో 25 సెకండ్లలో దాటవలెను, తప్పినచో 5 నిమిషములు శిక్షాస్థానమున నిలువవలెను. గాలిని ఎవని వంతు వాడే మోయవలెనను ఈ నియమమును సృష్టించినవానికి నేను మనస్సులోనే నమస్కరింతును.

ఒక విద్య నుండి మరియొక విద్యకు మాఱు ఘట్టమును నాలుగవ విద్య యందురు. హెల్మెట్ పట్టీని గడ్డము క్రింద బిగింపక సైకిలును తాకరాదు. గీత దాటక ఎక్కరాదు. మావాడు పెరటిలో ముగ్గుపిండితో గీత గీసి, తడిబట్టలతో వచ్చుట, హెల్మెట్ తగిలించుట, సైకిలును నడిపించుకొని గీత వరకు పరుగెత్తుట చీకటిలో లెక్కలేనన్ని మార్లు చేయుచుండగా, వాని తల్లి నాయొద్దకు వచ్చి, "సార్, వీనికేమన్నా గాలి సోకిందంటారా? శనిమహాత్ముని గుడిలో తైలం పోయించేదా?" అని దిగులుపడినది. పోయించుమంటిని, ఘట్టమునకు నూనె మంచిదే గదా.

సైకిలు మాట వచ్చినపుడు నా పక్షపాతమును దాచుకొనను, నేను ఉక్కుపక్షమువాడను. కార్బన్ పక్షమువారు లక్షలు పోసి సైకిలు కొని, పొట్టను మాత్రము మునుపటి చోటనే ఉంచుకొందురు. సమతలమున వేగము పెరిగినకొలది త్రొక్కువానికి ప్రధానశత్రువు గాలియే, ఆ గాలి తగులునది ముఖ్యముగా సైకిలునకు కాదు, మనిషి దేహమునకు. ముంజేతులను దగ్గరకు చేర్చి, తలను భుజముల నడుమకు దింపి, ఆ వంపులో రెండు మూడు గంటలు కదలకుండుట రూకలతో వచ్చునది కాదు. ఆసనము సరియైన ఎత్తున ఉండవలెను. చైను శుభ్రముగా ఉండవలెను. మా రోడ్లపై జాలిముల్లు దిగని దినము లేదు గనుక, ట్యూబు మార్చుట చేతికి కన్ను లేకయే తెలియవలెను. సైకిలు దిగి పరుగు ఆరంభించినపుడు కాళ్లు తనవి కానట్లుండును. ఆ రెంటిని కలిపి చేయు సాధనకు ఈ విద్యవారు ‘బ్రిక్’ అని పేరిడిరి, అనగా ఇటుక, కాళ్లకు తగిన పేరే. ఆహారమున మాత్రము మావాడు నా మనస్సు నొప్పించెను. గంటకు 60 గ్రాములు మొదలు 90 వరకు పిండిపదార్థము లోనికి పోవలెనట. బెల్లమునకును ఖర్జూరమునకును తావిచ్చెను గాని, మా పావగడ వేరుసెనగను పందెమునాడు దగ్గరకు రానీయడు. నూనెగింజ నిదానముగా జీర్ణించునట. ఒప్పుకొంటిని, ఇష్టములేక.

ఈ విద్యలో మహానుభావులను తలచుకొన్నచో నా కలము ఆగదు. 1989లో హవాయిలో మార్క్ ఆలెన్, డేవ్ స్కాట్ ఇరువురును ఎనిమిది గంటలు భుజము భుజము రాచుకొని పోరాడి, తుదకు 58 సెకండ్ల తేడాతో ఆలెన్ గెలిచెను. లోకము ఆ పోరునే పాడుకొనును. నా హృదయము మాత్రము అదే ఏడు అదే పందెములో, కదలలేని కుమారుడు రిక్‌ను పడవలో కూర్చుండబెట్టి త్రాటితో లాగుచు ఈది, సైకిలు ముందరి పీఠమున ఉంచి త్రొక్కి, చక్రాల కుర్చీలో త్రోయుచు పరుగెత్తిన డిక్ హోయ్ట్ పాదముల కడనే నిలిచిపోయినది. జపానుకు చెందిన హిరోము ఇనాద 2018లో 85వ ఏట, గడువునకు ఇంక ఆరు నిమిషములుండగా గీత దాటెను. మా తాలూకాలో ఆ వయస్సువానికి వీధియరుగు దిగుటకే మనుమడు చేయియ్యవలెను. మనవారిలో, 2015లో ‘రేయ్’ చిత్రముతో తెలుగుతెరకు వచ్చిన సయామీ ఖేర్ 2024 సెప్టెంబరులో జర్మనీలో సగపు ఐరన్‌మ్యాన్‌ను ముగించినది. హైదరాబాదు గోలి శ్యామల ఈ పందెపు మనిషి కాదు, ఈత ఒక్కటియే ఆమె విద్య. అయినను 2021 మార్చిలో 47వ ఏట పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదిన ఆమెను విడిచి పోవుటకు నాకు చేతులు రావు. నడివయస్సులో ఈత నేర్చినదట. చిన్ననాడు నేర్వలేదని సాకు చెప్పువారు వినవలెను.

ఇక నా కోపము. సగము చేసినవానికి ‘ఐరన్‌మ్యాన్’ యని కూడలిలో ఫ్లెక్సీ కట్టుచున్నారు. సగము చేసినవాడు సగము చేసినవాడే, ఆ సగమే గొప్పది, దానిపై అబద్ధపు పూత ఎందులకు? ముగ్గురు మూడు పనులు పంచుకొని చేసిన పందెమును ముగ్గురును వేర్వేరుగా తమదని చెప్పుకొనుట చూచితిని. ఇంటనే కూర్చుండి, చేతిగడియారమును మోటారుసైకిలెక్కించి తిప్పి, పతకమును తపాలాలో తెప్పించుకొనువారును కలరు. ఒకమారు మావానితో నేనొక పందెమునకు పోయితిని. ఏ యూరో, ఎవరు నడిపిరో చెప్పను. ఈత దూరము ప్రకటించినదానిలో సగము కూడ లేదు. సైకిళ్లు గొఱ్ఱెలమందవలె ఒకదాని తోకనొకటి పట్టుకొని పోయెను, అడుగు నాథుడు లేడు. పతకము మాత్రము అరచేతికంటె పెద్దది. తిరుగు బస్సులో మావాడు దానిని సంచి అడుగున త్రోసి, "ఇది అమ్మకి చూపియద్దు సార్" అనెను.

అంతకంటె పెద్ద దుఃఖము బావులది. మా చిన్ననాట ఎండిన సొరకాయబుర్రను నడుమునకు కట్టి, మామలు బావి ఒడ్డు నుండి త్రోసివేయగా, నీరు మ్రింగుచు ఏడ్చుచు నేర్చినవారము మేము. నేడు బావులు బోరుగుంతల ముందు ఓడిపోయి చెత్తకుండీలైనవి, చెఱువులలో జాలిపొదలు వనములైనవి, పిల్లలు నీటిని సీసాలో తప్ప ఎఱుగరు; ఈత రాని ఆ పిల్లలే వానకాలమున హొండలలో పడి తల్లులను ఏడ్పించుచున్నారు. పంచాయతీ పెద్దలారా, ఊరికొక్క పాతబావిని పూడిక తీయించి, మెట్లు బాగుచేయించి, ఒక త్రాడును కావలికొక మనిషిని ఏర్పరచుడు. పతకములు తరువాత చూచుకొందము.

నిన్న సాయంకాలము వానియింటికి పోయితిని. వాడు సైకిలును తలక్రిందుగా నిలిపి, ఒక్క చెంబు నీటిలో గుడ్డ తడిపి, చక్రపు కమ్మీలను ఒక్కొక్కటిగా తుడుచుచుండెను. చట్రము తుడిచెను, చైనును వేరొక పాతగుడ్డతో తుడిచెను. చెంబులో ఇంకను అడుగున నాలుగు వ్రేళ్ల నీరు మిగిలియుండెను. తడిగుడ్డను పెరటిలోని నిమ్మమొక్క మొదట పిండి, ఆ మిగిలిన నీటిని దాని పాదులో పోసి, చెంబును బోర్లించి నావైపు తిరిగి, "కూచో సార్, టీ పెట్టమంటా" అనెను.