అర్ధరాత్రి దాటాక మోగిన ఇత్తడి

ఒకే ఒక్క కచేరీ మీద పుస్తకమంతా రాయడం తెలుగులో అరుదు. అదీ ఎక్కడో అమెరికాలో ఒక రాక్ బృందం అర్ధరాత్రి దాటాక వాయించిన కచేరీ. ఇంత చిన్న విషయాన్ని ఎన్నుకుని, ఇంత శ్రద్ధగా రాసిన ఈ యువ రచయిత్రికి ముందుగా నా అభినందనలు. "ముందుమాట మీరే రాయాలండీ" అని ఆమె పట్టుబట్టడానికి కారణం ఒక్కటే. నేను మద్రాసు సినిమా వాద్యబృందాల్లో ట్రంపెట్ వాయించి బతికినవాణ్ణి. ఆ వృత్తి నేర్పిన చెవితోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కచేరీ 1969 ఆగస్టు 18, సోమవారం తెల్లవారకముందు జరిగింది. స్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని బెతెల్, మ్యాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలం. వుడ్‌స్టాక్ ఉత్సవం అంటే లోకానికంతా తెలుసు. నాలుగు లక్షల పైచిలుకు జనం వచ్చారని అంచనా. మొదటి రోజు రాత్రి అక్కడే వానలో రవిశంకర్ సితార్, అల్లా రఖా తబలా మోగాయి. ఆదివారం మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడి కార్యక్రమం గంటల తరబడి వెనకబడింది. అలా అలసి, తడిసి, బురదలో కూర్చున్న జనం ముందుకు తొమ్మిదిమంది వచ్చారు. ఆ బృందం పేరు బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్.

వాళ్ళు అప్పటికి అనామకులు కారు. న్యూయార్క్‌లో 1967లో అల్ కూపర్ మొదలుపెట్టిన బృందం అది. మొదటి రికార్డు తర్వాత ఆయన బయటికి వెళ్ళిపోగా, డేవిడ్ క్లేటన్-థామస్ గాయకుడిగా వచ్చాడు. జేమ్స్ విలియం గెర్సియో నిర్మించిన రెండో ఆల్బం అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. 1970లో ఉత్తమ ఆల్బం గ్రామీ పురస్కారం దానికే వచ్చింది. ఆ పోటీలో బీటిల్స్ వారి 'అబీ రోడ్' కూడా ఉందని గుర్తుంచుకోవాలి. అంతటి ఊపులో ఉన్న బృందం వుడ్‌స్టాక్‌లో వాయించినా, 1970లో విడుదలైన సినిమాలో వాళ్ళు కనిపించరు. ఆ ఏడాదే వచ్చిన మూడు ఎల్పీల సెట్టులో వాళ్ళ పాట ఒక్కటీ లేదు. డబ్బు విషయం తేలక మేనేజరు కెమెరాలను ఆపించాడని చెబుతారు. కచేరీ మొత్తం వినే భాగ్యం 2019లో, యాభయ్యేళ్ళ సందర్భంగా రైనో సంస్థ 38 సీడీల పెట్టె తెచ్చినప్పుడు గాని శ్రోతలకు కలగలేదు. ఆ పెట్టెలు కూడా అచ్చంగా 1969 మాత్రమే వేశారు.

ఈ పుస్తకం ఎత్తిచూపే సంగతి ఇదే. కెమెరాకు చిక్కినవాళ్ళు చరిత్ర అయ్యారు, చిక్కనివాళ్ళు జాబితాలో పేరుగా మిగిలారు. కాని టేపు తిరుగుతూనే ఉంది. చూడటానికి అంతగా లేని కచేరీని వినడం ఎలాగో ఈమె నేర్పుతుంది.

ఇక నా వృత్తికి దగ్గరైన మాట. గిటారు వాద్యకారుడు చలిలో గంటలు ఎదురుచూసినా తీగలు సవరించుకుని వాయించేయగలడు. ట్రంపెట్ వాడికి అలా కుదరదు. వాడి వాయిద్యంలో సగం వాడి పెదవే. పెదవి బిగుసుకుపోతే పైస్వరం పలకదు. చల్లగాలికి ఇత్తడి గొట్టంలోని గాలి కూడా చల్లబడి శ్రుతి కిందికి దిగుతుంది. ఊది ఊది గొట్టాన్ని వెచ్చబెట్టుకోవాలి. పాటలో తన వంతు వచ్చేదాకా ఆగి, వచ్చిన క్షణాన పక్కవాడితో కలిసి ఒకే ఊపిరిలో దాడి చేయాలి. ఆ రాత్రి లూ సోలాఫ్, చక్ విన్‌ఫీల్డ్ ట్రంపెట్లతో, జెర్రీ హైమన్ ట్రాంబోనుతో, ఫ్రెడ్ లిప్సియస్ ఆల్టో శాక్సఫోనుతో ఆ పని చేశారు. పల్లకీ మోసే బోయీలు అడుగు కలిపినట్టు ఊపిరి కలిపారు. రాక్ సంగీతం అప్పటికి ఎక్కువగా అప్పటికప్పుడు పుట్టే స్వేచ్ఛ మీద నడుస్తోంది. వీళ్ళు మాత్రం కాగితం మీద రాసుకున్న అమరికను ఆ బురదలోకి తీసుకువెళ్ళారు. రాసుకున్నది కూడా అగ్గిలా మండగలదని నిరూపించారు.

'స్పిన్నింగ్ వీల్' పాట మీద రచయిత్రి రాసిన అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. పాట క్లేటన్-థామస్ రాసినదే. అమరిక లిప్సియస్‌ది, దానికి ఆయనకు గ్రామీ వచ్చింది. ఇత్తడి వాద్యాలు మెట్లెక్కుతున్నట్టు స్వరాలు పేర్చి చటుక్కున తప్పుకుంటాయి, గొంతు లోపలికి వస్తుంది. చరణాలయ్యాక రాక్ తాళం కాస్తా జాజ్ నడకలోకి జారుతుంది. బేస్ గిటారు కాలినడకన సాగిపోతుంటే దాని మీద సోలాఫ్ ట్రంపెట్ లేస్తుంది. రేడియోల కోసం సింగిల్ రికార్డు వేసినప్పుడు నిడివి తగ్గించడానికి ఆ ట్రంపెట్ భాగాన్నే కత్తిరించారు. అంటే ఇంటింటా మోగిన పాటలో ఆ పాట ప్రాణం లేదు. ఇలాంటి కత్తెరలు మా స్టూడియోల్లోనూ చూశాను కాబట్టి ఈ పేజీలు చదువుతుంటే నా మనసు ఊరుకోలేదు. కత్తెర చేరలేని చోట, వేదిక మీద, ఆ భాగం ఎలా బతికిందో ఈమె చెవితో చూపించింది.

'గాడ్ బ్లెస్ ద చైల్డ్' గురించి రాసిన పేజీలు కూడా అంతే విలువైనవి. అది బిల్లీ హాలిడే పాట. నల్లజాతి జాజ్ గాయని గుండెలోంచి వచ్చిన పాటను తెల్లవాళ్ళ రాక్ బృందం ఎత్తుకుంటే అది అరువా, నివాళా అని రచయిత్రి నిలదీసి అడుగుతుంది. తొందరపడి తీర్పు చెప్పకుండా, నడుమ వచ్చే లాటిన్ లయను, దాని మీద ఊదిన ఇత్తడిని విడమరిచి, నిర్ణయం పాఠకుడి చెవికే వదిలింది. ఈ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

రికార్డింగు పనితనం గురించి కూడా ఒక మాట. వేదిక పక్కన ఎడ్డీ క్రేమర్ బృందం 8 ట్రాకుల టేపు యంత్రాల మీద శబ్దాన్ని పట్టింది. ట్రాకులు ఎనిమిది, మనుషులు తొమ్మిదిమంది, పైగా ఒక్క డ్రమ్ముల సెట్టుకే పలు మైకులు కావాలి. అందుకని ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి దూరుతుంది, స్టూడియో నునుపు ఉండదు. మద్రాసులో ఒకప్పుడు గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో, ఒకే టేకులో పాట పూర్తిచేసే రోజులు ఎరిగినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎవరు తప్పినా అందరూ మళ్ళీ మొదటికి రావాలన్న భయం మాకుండేది. వుడ్‌స్టాక్‌లో ఆ రెండో అవకాశం కూడా లేదు. అందుకే ఆ టేపులో వినిపించే ప్రతి స్వరానికీ పూచీ ఉంది.

ఆ తర్వాతి కథను రచయిత్రి క్లుప్తంగా ముగించింది, మంచి పని చేసింది. 1970లో అమెరికా విదేశాంగశాఖ తరఫున యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ పర్యటనకు వెళ్ళాక ఈ బృందానికి యువతలో ఉన్న ఆదరణ దెబ్బతింది. రాజకీయాల గోలలో సంగీతం మరుగునపడింది. ఇన్నేళ్ళకు టేపు బయటికి వచ్చాక ఆ గోల వినిపించదు, వాయింపే వినిపిస్తుంది.

పెద్దవాడిగా ఒక సూచన. రెండో ముద్రణలో ఇత్తడి వాద్యాల అమరిక ఎలా రాస్తారో, ఏ వాద్యానికి ఏ స్వరం ఎందుకు ఇస్తారో కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా ఒక అనుబంధం చేర్చాలి. అలాగే ఇదే గెర్సియో నిర్మాతగా ఎదిగిన చికాగో బృందం 1970 ఆగస్టు 28న ఇంగ్లండులోని ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో వాయించిన కచేరీ ఉంది. అది కూడా 2018లో గాని పూర్తిగా బయటికి రాలేదు. ఈమె తర్వాతి పుస్తకం దాని మీద రావాలని నా కోరిక.

న్యూజెర్సీలో ఉద్యోగం, ఇల్లు, పిల్లలు చూసుకుంటూ, సెలవుల్లో బెతెల్ వెళ్ళి ఆ పొలం వాలు ఎక్కి దిగి, తెలుగులో ఇలాంటి పుస్తకం రాసిన ఈ అమ్మాయికి నా ఆశీస్సులు. పాఠకులకు నా మనవి ఒక్కటే. పుస్తకం చదవడానికి ముందు ఆ కచేరీని మొదటి పాట 'మోర్ అండ్ మోర్' నుంచి చివరి పాట 'యూ హావ్ మేడ్ మీ సో వెరీ హ్యాపీ' దాకా, మధ్యలో ఆపకుండా ఒక్కసారి వినండి. తర్వాత పుస్తకం తెరవండి. రెండోసారి వినేటప్పుడు మొదటిసారి వినపడనివి చాలా వినపడతాయి. అది ఈ రచయిత్రి చలవే.