‘పోతా’ నను క్రియ: చౌరస్తా బృందపు రెండు పాటలు

హైదరాబాదులో ‘చౌరస్తా’ యను పేర ఒక పాటల బృందము కలదు. గిటారు, డ్రమ్ములు మొదలగు పాశ్చాత్యవాద్యములకు తెలుగు జానపదపు నుడికారమును జతపరచి పాడుట వీరి రీతి. సినిమా నిర్మాతల ప్రమేయము లేక తమ పాటను తామే కట్టుకొని విడుదల చేసికొను ఇట్టివారిని నేడు ‘ఇండీ’ బృందము లనుచున్నారు. వీరిలో పేరు పొందిన గాయకుడు రామ్ మిరియాల తరువాత ‘జాతిరత్నాలు’ (2021), ‘డీజే టిల్లు’ (2022) చిత్రములలో పాడెను. ఆ కథ వేరు. విశ్వవిద్యాలయ పత్రికలో ఇట్టి పాటలకు తావేమని అడుగువా రుందురు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయములపై పరిశోధనకు పూనుకొన్ననాడును ఈ ప్రశ్న వినబడియే యుండును.

ఇచట మేము రెండు పాటలను మాత్రమే గైకొందుము. కరోనాకు ముందే వెలువడినది ‘ఊరెళ్ళిపోతా మామా’. 2020లో ఆ వ్యాధితోపాటు పుట్టినది ‘చేతులెత్తి మొక్కుతా’. మొదటిది నగరమును విడిచి ఎర్రబస్సెక్కి ఊరికి పోదునను పాట. రెండవది చేతులు కలుపవద్దు, అడుగు బయట పెట్టవద్దని బతిమాలు పాట. ఒకే బృందపు నోట ‘పోదు’ ననియు, ‘కదల’ వద్దనియు వెలువడుట మా దృష్టి నాకర్షించినది.

ఈ పాటలు పరీక్షకు నిలిచిన స్థలము నగరపు తూర్పుభాగము. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్లకును, హాస్టళ్ళకును నెలవు. ఉద్యోగపరీక్షలకు చదువుకొను పిల్లలు జిల్లాల నుండి, ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చి ఇచట ఇరుకుగదులలో నివసింతురు. అచటికి కొద్దిదూరముననే ఎల్.బి.నగర్, విజయవాడ రహదారి అటనుండియే సాగును. ఆ చౌరస్తాకు అలజడి కొత్త కాదు. కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కొరకు 2009 నవంబరు 29న తన్ను తాను దహించుకొన్నది అచటనే.

2020 మార్చిలో నగరమందలి హాస్టళ్ళు పెక్కింటిని ఖాళీ చేయుమనిరి. విద్యార్థులు అనుమతి పత్రములకై పోలీసుస్టేషన్లయొద్ద బారులు తీరిరి. మార్చి 25న ఆ పత్రములు చేతబట్టుకొని రాష్ట్రపు సరిహద్దుకు పోయినవారిని గరికపాడు వద్ద నిలిపివేసిరి. ఆనాడు ఎర్రబస్సు నడువలేదు.

ఇక ‘చేతులెత్తి మొక్కుతా’ను విచారింతము. పాట సూటిగా నున్నది. పల్లెలో పెద్దమనిషి దండము పెట్టి చెప్పిన తీరున నున్నది. ఆపత్కాలమున అట్టి పాట అవసరమే. దానిని చిన్నచూపు చూడరాదు. కాని గడప దాటవద్దని చెప్పించుకొనువానికి గడప యొకటి యుండవలెను. హాస్టలు మూతపడిన పిల్లవానికి ఆ మొక్కు చేరలేదు. కాలమును పేరుపెట్టి పలికిన పాట యయ్యు, ఆ కాలమున రోడ్డున బడినవానిని చూడలేకపోయినది.

ముందే పుట్టిన పాట వానిని చూచినది. ఇందుకు కారణము సంబోధనములో కలదని మా తలంపు. ‘నాన్నా’ యని పిలువలేదు. ‘మామా’ యని పిలిచినాడు. తండ్రి ఫీజు కట్టి పంపినవాడు. ఆయనతో ‘తిరిగి వచ్చెద’ నని చెప్పుటకు నోరు రాదు. మామతో మేలమాడవచ్చును. కనుక ఓటమిని సిగ్గుపడక ఆ మేలములో కలిపి చెప్పవచ్చును. ఇక క్రియ. ‘పోతా’ నన్నవాడు ఇంకను పోలేదు; నగరములోనే నిలిచి పాడుచున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ గదులలో ఏండ్ల తరబడి వినబడు మాట ఇదియే. మార్చిలో ఆ మాట ఒక్కసారిగా నిజమై మీద పడినది. వలదన్నను పోవలసి వచ్చినది. పోబోయిన దారి లేదు.

ఈ పాటలో లోపము లేకపోలేదు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటను (‘కుబుసం’ చిత్రము, 2002) దీని సరసన నుంచిన తెలియును. వెంకన్న ఊరి నడుమ నిలిచి, చితికిన కులవృత్తులను ఒక్కొక్కటిగా పేర్కొనును. చౌరస్తా పాటలోని ఊరు నల్లమల అడవులలో దూరమున మెరయు తలపోత. ఆ యూరిని ఏల విడిచితివని మామ గట్టిగా నిలదీయడు. దేవరకొండ నుండి వచ్చినవానికి ఆ ప్రశ్నయే ముఖ్యము. విన సొంపైన వాద్యఘోషలో అది మరుగుపడినది.

అయినను రెండింటిలో మొదటి పాటయే ఆ సంవత్సరపు పాట యని మేము భావింతుము. ముద్రితపాఠము కంటె గళమునకే ప్రాధాన్యము గల ఇట్టి పాటలకు శ్రోతలే వ్యాఖ్యాతలు. 2020కి పిమ్మట ‘పోతా’ నను మాటను వారే యర్థమున వినుచున్నారో హాస్టలు గదులకు పోయి, అడిగి, తేదీతో సహా వ్రాసికొని వచ్చు పనిని ఈ యేడు మా పరిశోధక విద్యార్థి కొకరికి ఒప్పగింపదలచినాము.