హెచ్‌ఈసీ తరగతిలో కృష్ణ ఆనకట్ట

పదో తరగతి దాటిన విద్యార్థి చరిత్రను ప్రత్యేకంగా ఎంచుకొని చదివే తొలి దశ ఇంటర్మీడియట్; అందులో చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన గ్రూపును హెచ్‌ఈసీ అంటారు. కృష్ణా డెల్టాలోని ఉయ్యూరులోనైనా, బందరు రోడ్డు పొడవునా బెజవాడ దాకా వెళ్లినా, ఎంపీసీ, బైపీసీల గిరాకీ ముందు ఈ గ్రూపు చిన్నబోయి చాలా కాలమైంది. పదహారో ఏట చరిత్రను వద్దనుకొని ఇంజినీరింగ్ పట్టా తెచ్చుకొన్నవారే ఆ తరువాత గ్రూప్-2 పరీక్ష కోసం శాతవాహనుల నుంచి మొదలుపెట్టి మళ్లీ వల్లె వేయడం ఈ కథలో చిన్న వింత.

వల్లె వేయడం అన్నది నిందగా కాక వర్ణనగానే చెప్పవలసి వస్తుంది. పది మార్కులకు, అయిదు మార్కులకు, రెండు మార్కులకు విడగొట్టిన ప్రశ్నపత్రం కారణాలను, ఫలితాలను పాయింట్లుగా కోరుతుంది గనుక, విద్యార్థి వాటిని పాయింట్లుగానే నేర్చుకొంటాడు. ఆ పాయింటు ఎవరి రాతలోంచి వచ్చింది, ఆ రాసినవాడు ఎవరికోసం రాశాడు అని అడిగే సందర్భమే రెండేళ్లలో రాదు. ఇంగ్లండు పాఠశాలల్లో సిక్స్త్ ఫారమ్ అనే చివరి రెండేళ్లలో, దాదాపు ఇదే వయసు పిల్లలు చదివే ఎ-లెవెల్ చరిత్రలో, మొత్తం మార్కుల్లో అయిదో వంతు విద్యార్థి స్వయంగా ఒక ప్రశ్నను పట్టుకొని ఆధారాలు పరిశీలించి రాసే సుదీర్ఘ వ్యాసానికి కేటాయిస్తారు. అక్కడా పరీక్షల కోసం బట్టీ పట్టేవారు ఉంటారు. అయినా ఆ ఒక్క వ్యాసం చరిత్రకారుడి పని ఎలా ఉంటుందో చేయించి చూపుతుంది.

ఆ పనికి ఉయ్యూరు విద్యార్థి దూరం వెళ్లనక్కరలేదు. డెల్టాకు నీళ్లెవరు తెచ్చారంటే కాటన్ దొర అన్న జవాబు ఠక్కున వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో ముగిసిన గోదావరి ఆనకట్ట విషయంలో అది నిజమే గాని, 1852 నుంచి 1855 వరకు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టను కట్టించిన ఇంజినీరు కెప్టెన్ ఆర్; ప్రతిపాదనకు కాటన్ మద్దతు ఉన్నంత మాత్రాన ఆర్ పేరు అంతగా మరుగున పడటం న్యాయం కాదు. దిద్దుకోవలసింది పేరొక్కటే అయితే అది రెండు మార్కుల ప్రశ్న. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు తరువాత ఇరవై ఏళ్లకు గాని ఆనకట్ట పని ఎందుకు మొదలు కాలేదని అడిగినప్పుడు అసలు చదువు మొదలవుతుంది. ఆ కాలపు ఇంజినీర్ల నివేదికలు పెట్టుబడికి ఎంత రాబడి వస్తుందో, శిస్తు ఎంత పెరుగుతుందో లెక్క కడతాయి. వాటిని చదివి, రాసినవారికి రైతుపై దయ లేదని తీర్మానించడం తొందరపాటు, ఎందుకంటే అవి ఖర్చుకు అనుమతి ఇవ్వవలసిన కంపెనీ ప్రభుత్వాన్ని ఒప్పించడానికి రాసిన కాగితాలు. రాతను దాని గ్రహీతతో కలిపి చదవడాన్నే ఆధార విమర్శ అంటారు.

1883లో గార్డన్ మెకంజీ కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఇంకా మంచి పాఠం. ఘటన జరిగిన కాలంలోనే పుట్టినది ప్రాథమిక ఆధారం, తరువాత దాన్ని గురించి రాసినది ద్వితీయ ఆధారం అని పాఠ్యపుస్తకం నిర్వచిస్తుంది. ఆనకట్ట నిర్మాణం గురించి అడిగితే మాన్యువల్ ద్వితీయ ఆధారం. 1880లలో తెల్లదొరలు ఈ జిల్లాను ఎలా చూశారని అడిగితే అదే పుస్తకం ప్రాథమిక ఆధారం. ఆ పేరు పుస్తకానికి పుట్టుకతో వచ్చినది కాదని, ప్రశ్నను బట్టి మారుతుందని పదిహేడేళ్ల పిల్లలు సులువుగానే గ్రహిస్తారు.

ఈ మెకంజీ కాక, అంతకు ముందరి కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరుల వంటి సహాయకులు సేకరించిన గ్రామ వృత్తాంతాలను కైఫీయతులు అంటారు; వాటిలో చాలా భాగం కరణాలు చెప్పిన మాటే కనుక ఊళ్లోని మిగతా కులాల గొంతు అక్కడ పలచగా వినిపిస్తుంది. ఏటా మాఘమాసంలో పదిహేను రోజులు సాగే ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లలో తలచుకొనే సహగమన గాథ ఇందుకు భిన్నమైన ఆధారం: అది జరిగినదాని సాక్ష్యం కన్నా, తరతరాలుగా దాన్ని చెప్పుకొన్నవారు దేనిని పూజనీయం అనుకొన్నారో చెప్పే సాక్ష్యంగా ఎక్కువ విలువైనది. భక్తిని నొప్పించకుండానే తరగతిలో ఈ భేదం వివరించవచ్చు, అయితే అందుకు ఉపాధ్యాయుడికి నేర్పు కావాలి.

ఇటువంటి చదువుకు ఆచార్య పదవి ఉండి తీరాలని లేదు. బెజవాడలో వకీలుగా ఉంటూనే దిగవల్లి వేంకట శివరావు కంపెనీ కాలపు ఆంధ్రదేశ చరిత్ర కోసం పాత రికార్డులు తవ్వి తీశారు. హెచ్‌ఈసీ విద్యార్థికి ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. ఆ పాత ఆనకట్టకు 1952లో గండి పడింది, 1957 నాటికి దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి సిద్ధమైంది. ఆ గండిని పిల్లలుగా ఎరిగినవారు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వారి జ్ఞాపకాన్ని రాసుకొని, ఆ నెలల పత్రికలతో పోల్చి, రెండూ పొసగని చోట దేనిని ఎందుకు నమ్మవలసి వచ్చిందో నాలుగు పేజీల్లో వివరించడం ఇంటర్ రెండో ఏడాదిలో చేయదగిన పనే.