గులాబీ గులాబీగానే రావాలంటే

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ‘చందమామ’ కనబడితే కథలు తర్వాత, ముందు అట్ట చూడండి. వడ్డాది పాపయ్య గారు కలిపిన పసుపుల్నీ పచ్చల్నీ కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో ఇంకు ఇంకుగా విడదీసి, మళ్లీ కాగితం మీద ఒక్కటి చేశారు మద్రాసు నాగిరెడ్డి గారి ప్రెస్సు వాళ్లు. ఎంత కన్ను ఉండాలండీ దానికి!

ఆ కంటికి మన ఊళ్లో వారసులెవరంటే నేను తడుముకోను. నాంపల్లి దాటి రెడ్‌హిల్స్ వెళితే ప్రగతి ఆఫ్‌సెట్. పరుచూరి హనుమంతరావు గారు 1962లో పెట్టిన ప్రెస్సు. మేలైన అచ్చుకు అమెరికాలో ఇచ్చే బెన్నీ అవార్డులు ఎన్నోసార్లు ఇక్కడికి వచ్చాయి. పక్షపాతమంటారా, అనుకోండి.

ఇంతకీ కిటుకు ఎక్కడుంది? డిజైన్ ఫైల్లో రంగు ఉండదు, అంకెలే ఉంటాయి. రెడ్ 200, గ్రీన్ 30, బ్లూ 90 అంటే ఏ గులాబీ? ఒక ఊరి సోల ఇంకో ఊరి సోలతో సరిపోదు. ఆ అంకె ఏ కొలతలోదో చెప్పేదే ప్రొఫైల్. 1993లో ఆడోబీ, యాపిల్, కొడాక్ లాంటి కంపెనీలు ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం (ఐసీసీ)గా ఏర్పడి దీనికో పద్ధతి పెట్టాయి. అంతకు మించి చరిత్ర మనకు అక్కర్లేదు.

అసలు పని ఇక్కడ. లోగో కోరెల్‌లో, ఫొటో ఫొటోషాప్‌లో, పేజీ ఇన్‌డిజైన్‌లో. మూడింటిలో ఒకే మెరూన్ రావాలంటే మూడింటికీ ఒకే కలర్ సెట్టింగ్ ఉండాలి. ‘అసైన్’ నొక్కితే అంకెలు అలాగే ఉండి రంగు మారుతుంది. ‘కన్వర్ట్’ నొక్కితే అంకెలు మారి, రంగు వీలైనంతవరకు నిలుస్తుంది. ఈ రెంటికీ తేడా తెలియని చేతిలో మౌస్ ఉండకూడదంటాను.

కన్వర్ట్ కూడా మంత్రదండం కాదు. రాణి గులాబీ, చిలకపచ్చ, ఆనంద బ్లూ స్క్రీన్ మీద వెలిగినట్టు నాలుగు ఇంకుల్లో వెలగవు. తెలిసిన డిజైనర్ ముందే సాఫ్ట్ ప్రూఫ్ పెట్టి, అచ్చులో ఎంత చప్పబడుతుందో పార్టీకి చూపిస్తాడు. మరీ పట్టుదలైతే ఐదో ఇంకు కలిపిద్దామంటాడు, ఖర్చూ చెబుతాడు.

ఇక మెషిన్ దగ్గర మేస్త్రీని చూడాలి. షీటు లాగి, 5000 కెల్విన్ దీపం కింద పరిచి, లూపు అనే చిన్న భూతద్దం ఆనించి, అంచున ఉన్న కలర్ బార్ మీదికి వంగుతాడు. సయాన్ 50, మెజెంటా 40, ఎల్లో 40 కలిసిన చోట బూడిద రంగు రావాలి. అది రవ్వంత ఎర్రబారిందా, మెజెంటా ఎక్కువైనట్టే. వెంటనే ఇంక్ కీ కాస్త బిగిస్తాడు. బొమ్మ వంక ఇంకా చూడనేలేదు! మరో షీటు లాగాక, అప్పుడు బొమ్మ.

ఇంత విద్యను మనం ఏం చేశాం? ఫొటో వాట్సాప్‌లో పంపుతాం, అది నలిగిపోయి వస్తుంది. ఫైల్ తెరవగానే ‘ప్రొఫైల్ వేరుగా ఉంది’ అని సాఫ్ట్‌వేర్ మొత్తుకుంటుంది, కుర్రాడు చదవకుండా ఓకే కొడతాడు. మా ఇంటి పెళ్లిపత్రికలో కుంకుమ రంగు ఇటుకరంగై వచ్చింది. అడిగితే ‘స్క్రీన్ మీద బాగానే ఉంది కదా సార్’ అన్నాడు షాపతను. ఏ స్క్రీన్ మీద నాయనా? కొన్ననాటి నుంచీ ఎవరూ కాలిబ్రేట్ చేయని ఆ మానిటర్ మీదా? పక్కన ట్యూబ్‌లైటు, వెనక నీలం గోడ!

పైగా ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు. ఒకే నాయకుడి ఒకే కండువా నాంపల్లి స్టేషన్ ముందు ఒక గులాబీ, గన్‌ఫౌండ్రీలో ఇంకో గులాబీ. అడిగేవాడు లేడు.

అడగండి మరి. పత్రికకైనా పుస్తకానికైనా ప్రొఫైల్‌తో ఉన్న పీడీఎఫ్ ఇవ్వండి. ఏ కాగితమో ముందే తేల్చుకోండి, ఆర్ట్ పేపర్‌కు చేసిన ఫైల్ మ్యాప్‌లిథో మీద మురికిగా వస్తుంది. ప్రూఫ్ సరైన దీపం కింద చూసి సంతకం పెట్టండి. వీలైతే మొదటి షీటు లాగేటప్పుడు మెషిన్ పక్కనే నిలబడండి. మేస్త్రీ విసుక్కుంటే విసుక్కోనీండి, పనొచ్చినవాడైతే లూపు మీ చేతికే ఇస్తాడు.