పోయొస్తమన్న మాట

నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల నడుమ, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనం "వస్తున్నం లింగమయ్యా" అని ఎలుగెత్తి పిలుస్తారు. మళ్లేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. పోతున్నామని చెప్పి ఊరుకోరు. వీడ్కోలులోనే పునరాగమనాన్ని నిక్షేపించుకొన్న ఈ వాగ్వ్యవహారం మన గృహాలన్నింటా ఉన్నదే అయినా, ఎండ కాగుతున్న ఆ కొండదారిలో వేలకంఠాల నుండి విన్నప్పుడు దాని అర్థగౌరవం వేరు. చిరంజీవిని అయిన ఈ రచయిత్రి తన తొలి నవలను ఆ ఒక్క మాటమీద నిలిపింది.

గద్వాల కోట దాపున ఒకే అరుగుమీద గచ్చకాయలాడి పెరిగిన బాలిక, బాలుడు ఇందులో నాయికానాయకులు. కరవు ఏట గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి అతని కుటుంబం పుణెలో కట్టడపు పనులకు తరలిపోతుంది. ఆమె వనపర్తిలో చదివి ఉపాధ్యాయిని అవుతుంది. కొన్ని ఉత్తరాలు, ఒక అపార్థం, ఆపై దీర్ఘమౌనం. పన్నెండేండ్ల తరువాత ఒక వేసవిలో సలేశ్వరం దారిలో ఇద్దరూ ఎదురుపడతారు.

బాల్యసఖ్యం ప్రణయంగా పరిణమించే ఇతివృత్తం మనకు చిరపరిచితం. 1953లో 'దేవదాసు' చూసి పార్వతి కోసం కంటతడి పెట్టిన మన పెద్దలే 1957లో 'మాయాబజార్' చూసి శశిరేఖా పరిణయానికి మురిసిపోయారు. రెండింటా ఆ జంట అక్కినేని, సావిత్రులే. శరత్ కథలో అంతస్తు తెంచిన బంధం మరల అతకలేదు. వ్యాసభారతంలో లేని శశిరేఖకు మాత్రం, పాండవుల రాజ్యంతోపాటు పెద్దల మాటా పోయిన తరువాత, మనవారి కల్పన రెండవ అవకాశాన్ని ప్రసాదించింది. అయితే అక్కడ ఘటోత్కచుడున్నాడు. ఈ నవలలో ఏ మాయావీ లేడు. విడిపోయినవారు తమ కాళ్లమీద తామే నడిచి రావాలి. ఈ రచన విలువ నా దృష్టిలో అదే.

నన్ను మిక్కిలి ఆకట్టుకొన్నది మగ్గం ప్రకరణం. నూలు చీరకు పట్టు అంచును కుట్టి అతికించక, మగ్గం మీదనే పేక పోగును పేక పోగులో మెలివేసి కలిపే గద్వాల నేతను ఈమె నెలల తరబడి నేతగాండ్ల పక్కన కూర్చుండి చూసింది; తెగిన పోగును వ్రేళ్ల నడుమ పట్టి మరల అతికే నాయిక తండ్రిని వర్ణించిన ఆ నాలుగు పుటలలో ప్రేమ అన్న మాట ఒక్కసారైనా రాదు. వనపర్తి ప్రాంతపు సరళాసాగరాన్నీ అంతే సంయమనంతో వాడుకొన్నది. గేటెత్తే మనిషి అక్కరలేకుండా, నీరు నిండిన గడియకు సైఫన్ల గుండా తానై పొంగి ప్రవహించే జలాశయం అది. వేసవికి అడుగంటిన ఆ చెరువు గట్టుమీద నాయిక మొదటిసారి నోరు విప్పుతుంది.

ఇటిక్యాలపాటి సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించి తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానం చెప్పిన గడ్డ ఇది. విద్వద్గద్వాలగా పేరొందిన సంస్థానపు గడ్డ. ఆ పరంపరలో మగ్గపుటిల్లు, మేస్త్రీ లెక్కల పుస్తకం, వలసపోయిన ఇంటి తాళం కూడా కావ్యవస్తువులుగా చేరవలసి ఉండెను. ఇప్పుడు చేరినవి. ఉత్తరాల అధ్యాయం కొంత సాగిందనీ, పుణె జీవితం ఇంకా విస్తరించవలసిందనీ ఆమెతోనే చెప్పాను. రెండవది మాత్రమే సరిదిద్దింది, ఉత్తరాలను ముట్టుకోలేదు. మరల చదివితే ఆమెదే న్యాయమని తోచింది.

పాఠకులారా, లోయ అంచున నాయిక కాలు జారబోయినప్పుడు వెనుకనుండి ఒక చేయి ఆసరా ఇస్తుంది. ఎవరని తిరిగి చూడదు. "వస్తున్నవా?" అని మాత్రం అడుగుతుంది.