కూత మనది, కోర్టు ఎవరిది?
2014 కబడ్డీ సీజన్‌పై ఒక పరిశీలన

ఆటకు కులం లేదనే మాట మన దేశంలో చాలా తేలిగ్గా చెప్తారు. చెప్పేవాళ్ళు ఎక్కువగా గేలరీలో కూర్చున్నవాళ్ళే అయివుంటారు. 2014 జూలై 26 నుంచి ఆగస్టు 31 దాకా ప్రో కబడ్డీ లీగ్ మొదటి సీజను నడిచింది. పల్లెల మట్టి ఆటకు మంచిరోజులు వచ్చాయన్న సంబరం అప్పుడు పత్రికల్లోనూ టీవీల్లోనూ వినిపించింది. ఆ సంబరాన్ని మేం తప్పుపట్టడం లేదు. అయితే మట్టి అన్న మాట వినపడితే మాకు వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది. ఏ మట్టి? ఊరి మట్టా, పేట మట్టా? మంచిరోజులు ఆటకు వచ్చాయా, ఆడేవాళ్ళకు వచ్చాయా? ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడటం దగ్గరే అసలు మోసం మొదలవుతుంది.

మేం ఈ మాటలు యారాడలో ఉండి రాస్తున్నాం. మూడు వైపులా కొండ, నాలుగో వైపు సముద్రం. కొండకు అవతల పోర్టు, నేవీ, మల్కాపురం రిఫైనరీ. ఇటు దక్షిణంగా గంగవరం, ఆ పక్కన ఉక్కు కర్మాగారం. ఇన్ని పెద్ద సంస్థల మధ్య ఇసుకలో గీత గీసుకుని చెడుగుడు ఆడుకున్న కుర్రోళ్ళ ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాది. 2014లో కొండకు అవతల, పోర్టు ప్రాంతంలోని రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియమే తెలుగు టైటాన్స్ జట్టుకు సొంత కోర్టు. ఎనిమిది జట్ల ఆ పోటీలో టైటాన్స్ అయిదో స్థానంలో ఆగిపోయి సెమీఫైనల్‌కు రాలేదు. ముంబైలో జరిగిన ఫైనల్‌లో జైపూర్ పింక్ పాంథర్స్ 35-24 తేడాతో యు ముంబాను ఓడించింది. గెలుపోటముల కథ అంతే. మా పరిశీలన వేరేచోట మొదలవుతుంది.

కబడ్డీలో బంతి లేదు, బ్యాటు లేదు. ఉన్నదల్లా ఒంటితో ఒంటిని తాకడమే. గీత దాటి తనది కాని నేల మీదకు ఒక్కడే వెళ్ళాలి, అవతలివాణ్ణి అంటుకోవాలి, తిరిగి రావాలి. అంటబడినవాడు చచ్చినట్టు. తనవాడు ఒకణ్ణి కొట్టి వస్తే మళ్ళీ బతుకుతాడు. అంటు అన్న మాట మీద సమాజాన్నంతా కట్టుకున్న దేశంలో పుట్టిన ఆట ఇది. ఈ సంగతిని మన క్రీడా విమర్శ ఎందుకు పట్టించుకోలేదు?

క్రికెట్ చరిత్ర చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బు మైదానం పనివాడిగా మొదలై, ఆనాటి భారతదేశంలో అందరికంటే గొప్ప బౌలర్ అయ్యాడు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో వంద వికెట్లు దాటించాడు. ఆయన చేతిలోంచి వచ్చిన బంతిని హిందువుల జట్టువాళ్ళు పట్టుకునేవాళ్ళు. టీ వేళకు మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, విడిగా, మట్టి ముంతలో పోసేవాళ్ళు. బంతికి అంటు లేదు, ముంతకు ఉంది! అంత ఆడినా ఆయనకు జట్టు నాయకత్వం ఇవ్వలేదు. అది 1923లో తమ్ముడు విఠల్ దాకా వచ్చి ఆగింది. బాలూ ఆట వల్ల కులం పోలేదు. కులానికి బాలూ ఆట కావలసొచ్చింది, అంతే.

క్రికెట్‌లో మధ్యలో బంతి ఉంది కాబట్టి ఈ సర్దుబాటు కుదిరింది. చెడుగుడులో కుదరదు. కౌగిలించి, కాళ్ళు పట్టి, మీద పడి లాగాలి. అందుకే మన ఊళ్ళల్లో సర్దుబాటు ఇంకోలా జరిగింది. ఊరి కుర్రోళ్ళ ఆట ఊళ్ళో, పేట కుర్రోళ్ళ ఆట పేటలో. పండక్కి పోటీలు పెడితే ఊరి జట్టు, పేట జట్టు అని విడివిడిగా పేర్లు. పేట జట్టు గెలిచిన రోజున గొడవ రాకుండా పెద్దలు ముందే ఆట ముగించేవాళ్ళని మా పెద్దోళ్ళు చెప్పగా విన్నాం. కాబట్టి మట్టి ఆట అందరి ఆట అనడం పూర్తి నిజం కాదు. అందరూ ఆడారు. కలిసి ఆడలేదు.

ఇలా చూస్తే 2014 నాటి మ్యాట్ మీద జరిగింది చిన్న విషయం కాదు. ఏ ఊరివాడో, ఏ వాడవాడో తెలియని పద్నాలుగు మంది దేశమంతా చూస్తుండగా ఒకరినొకరు పట్టుకుని పడ్డారు. ఆ సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని అప్పట్లో లెక్కలు వేశారు. అన్ని ఇళ్ళల్లోకి ఈ దృశ్యం వెళ్ళింది. దీన్ని కార్పొరేట్ తమాషా అని కొట్టిపారేసే మన మిత్రులతో మేం ఏకీభవించం. కాకపోతే ఆ దృశ్యాన్ని టీవీ ఎలా చూపించిందో చూడండి. కబడ్డీని యుద్ధంగా, పౌరుషంగా, పల్లె సంప్రదాయంగా అమ్మింది. గీత దాటడంలోని అర్థాన్ని, అంటుకోవడంలోని అర్థాన్ని పక్కన పెట్టింది. కులాన్ని తీసేసిన పల్లెను చూపిస్తే అది ఎవరి పల్లె అవుతుంది?

కూత సంగతీ అంతే. చెడుగుడులో కూతకు వెళ్ళడం అంటాం. గుక్క ఉన్నంతసేపే అవతల నిలబడే హక్కు. ఊపిరే గడియారం. లీగులో దానికి ముప్ఫై సెకన్ల గడియారం పెట్టారు. రెండు సార్లు ఖాళీగా వస్తే మూడోది చావో బతుకో. ఆట వేగం పెరిగింది, చూడటానికి బాగుంది, ఒప్పుకుంటాం. కాని పాటల హోరులో, వ్యాఖ్యాతల కేకల్లో ఆడేవాడి కూత మాత్రం మనకు వినపడకుండా పోయింది. ఆడేవాడి గొంతు తగ్గి, ఆట గురించి మాట్లాడేవాడి గొంతు పెరిగింది. ఇది మనకు కొత్తేమీ కాదు. సాహిత్యంలోనూ ఇదే జరిగింది.

ఇక జట్టు పేరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. రెండు నెలలైనా నిండకుండానే తెలుగు అన్న పేరుతో ఒక జట్టు టీవీలోకి వచ్చింది. ప్రజలు వేరుపడిన చోట మార్కెట్టు కలిపింది. ఆ జట్టును భుజాన మోసిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. 14 మ్యాచుల్లో 150కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. హర్యానా నుంచి వచ్చిన దీపక్ నివాస్ హుడాను జట్టు 12.6 లక్షలకు కొన్నది. బయటివాళ్ళు ఆడటం మీద మాకు అభ్యంతరం లేదు. పొట్టకూటికి ఎక్కడికైనా వెళ్ళి పనిచేసే జాతులం మనం, ఆ మాట మనం అనకూడదు కూడా. మా అభ్యంతరం ఒక్కటే. పేరు మనది పెట్టుకున్నప్పుడు మన కుర్రోళ్ళు ఆ జట్టు దాకా ఎక్కిరావడానికి మెట్లు ఎవరు కట్టాలి?

ఆ మెట్లు ఏవో చూద్దాం. మొదటి సీజను వేలంలో అందరికంటే ఎక్కువ ధర, 12.80 లక్షలు, పలికిన రాకేష్ కుమార్ రైల్వే ఉద్యోగి. ఉత్తమ ఆటగాడిగా నిలిచిన అనూప్ కుమార్ హర్యానా పోలీసు. లీగు వీళ్ళను తయారు చేయలేదు. తయారైనవాళ్ళను వేలంలో కొన్నది. వాళ్ళను తయారుచేసింది రైల్వేలు, సైన్యం, పోలీసు, ప్రభుత్వ రంగ సంస్థలు, వాటిలోని స్పోర్ట్స్ కోటా. పేదింటి కుర్రాడు పొద్దున్నే కూలికి పోకుండా గ్రౌండుకు పోవాలంటే నెల జీతం ఉండాలి. ఆ జీతం ఇచ్చింది ప్రభుత్వ ఉద్యోగం. అదే ప్రభుత్వ రంగంలో మనకు రిజర్వేషన్ ఉంది. ఫ్రాంచైజీలో లేదు. అయిదు వారాల కాంట్రాక్టుకు లక్షలు ఇస్తారు. మోకాలు పోయిన తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎవరిస్తారు? ఏడాదికింతని మాట్లాడుకుని మనిషిని పాలేరుతనానికి పెట్టుకున్న దొరల లెక్క మన తాతలకు తెలుసు. వేలంలో ధర పెరిగినంత మాత్రాన ఆ లెక్క మారదు.

విశాఖపట్నంలో ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 1966లో ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. అరవైకి పైగా ఊళ్ళు, ఇరవై వేలకు పైగా ఎకరాలు పోయాయి. ఆ ఊళ్ళతో పాటు పేటలూ, పేటల పక్కన ఆటస్థలాలూ పోయాయి. ఆర్ కార్డులు చేతపట్టుకుని ఉద్యోగాలకు ఎదురుచూసిన నిర్వాసితులు వేలల్లో ఉన్నారు. 2021 జనవరిలో ఆ కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ రెండు నిర్ణయాల మధ్య నలిగింది కాంట్రాక్టు కూలీ బతుకు. గంగవరంలో 2009లో ప్రైవేటు పోర్టు నడవడం మొదలైంది. వేటకు పోయే తీరం పోయింది. నేల పోతే ఆట పోతుంది. ఉద్యోగం పోతే ఆటగాడు పోతాడు. కొండకు అవతల వెలుగుతున్న మ్యాట్‌కూ, కొండకు ఇవతల కరిగిపోతున్న ఇసుకకూ సంబంధం ఇదే.

2025 ఆగస్టు 29న పన్నెండో సీజను మళ్ళీ ఈ నగరంలోనే మొదలైంది. వేదిక పేరు విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్. 2014లో స్టేడియం, 2025లో క్లబ్బు. స్టేడియంలోకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తాం. క్లబ్బులోకి సభ్యత్వం ఉంటే వెళ్తాం. మాట మారితే తలుపు కూడా మారుతుందేమోనని అడగాల్సిన అవసరం ఉంది.

ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 2016లో మగవాళ్ళ నాలుగో సీజనుతో పాటు మూడు జట్లతో మహిళల పోటీ పెట్టారు. ఆ జట్లకు ఊరి పేరు కూడా పెట్టలేదు. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్ అన్నారు. ఒక్క ఏడాదితో ఆపేశారు. అంతకు ఆరేళ్ళ ముందే, 2010లో, ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు స్వర్ణం తెచ్చారు. అయినా మార్కెట్టుకు వాళ్ళు సరిపోలేదు. దళిత స్త్రీకి ఆటస్థలం ఇంకా దూరం. పేటలో జాగా ఉంటే అది మగపిల్లలది, బడిలో గ్రౌండు ఉంటే సాయంత్రానికి ఇంటి పని.

డబ్బు పోస్తే ఆట వస్తుందనేవాళ్ళకు ఒక ఉదాహరణ చాలు. 2023లో టైటాన్స్ యజమానులు పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్నారు. అప్పటికి లీగులో అదే అత్యధిక ధర. ఆ సీజన్‌లో ఆడిన 22 మ్యాచుల్లో రెండే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. అందులో పవన్ తప్పు లేదు. ఏడుగురు కలిసి పట్టుకుంటేనే ఆట. అడుగు నుంచి కట్టుకురాని జట్టుకు పైన ఒక్కణ్ణి పెట్టి లాభం లేదు.

లీగును తిట్టి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. మన విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఏ సీజను వచ్చినా అడగాల్సినవి మూడు ఉన్నాయి. ఈ ఆట పేరుతో పేటలో ఎన్ని గ్రౌండ్లు మిగిలాయి? ఈ ఆట పేరుతో ఎన్ని పర్మనెంటు ఉద్యోగాలు, అందులో ఎన్ని రిజర్వేషన్ కింద వచ్చాయి? మన ఆడపిల్లలు ఎంతమంది ఆడుతున్నారు? పాయింట్ల పట్టిక ప్రతి రోజూ పేపర్లో వస్తుంది. ఈ పట్టిక ఎవరూ వేయరు, మనమే వేసుకోవాలి. ప్రతి జిల్లాలో, ప్రతి హాస్టల్లో వ్యాయామోపాధ్యాయులతో కూర్చుని వేసుకోవచ్చు. గీత దాటి వెళ్ళడం మనకు చేతకాని పని కాదు. తిరిగి వచ్చి నిలబడటానికి మన వైపు నేల ఉండాలి.