దశాంశ సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చడం: ఒక విమర్శ

వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. ఆ చుట్టుపక్కల పాలు పోసే రైతుకు వెన్న శాతంలో ఒక్క పాయింటు తేడా వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ చర్చకు పాల చీటీని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అంకెలు నేను వేసుకున్నవి, ఏ కేంద్రానివీ కావు.

సీ భాషలో డబుల్ విలువను స్ట్రింగ్‌గా మార్చమంటే చాలామంది విద్యార్థులు పూర్ణాంక భాగాన్ని విడదీసి, మిగిలిన భిన్నాన్ని 100తో గుణించి ఇంట్‌గా మార్చి, రెంటి మధ్య చుక్క పెడతారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. వెన్న 6.05 అనుకోండి. పూర్ణాంకం 6, భిన్నాన్ని సవరిస్తే 5. చీటీ మీద 6.5 పడుతుంది! సున్నా ఎటు పోయిందో రైతుకు తెలియదు, ప్రోగ్రాం రాసినవారికీ తెలియదు. పోనీ సంఖ్యనంతటినీ ఒకేసారి గుణిద్దామంటే, 4.35ను 100తో గుణించినప్పుడు 434.99999999999994 వస్తుంది. ఇంట్ దానిని సవరించదు, కత్తిరిస్తుంది: 434.

ఎస్‌ప్రింట్‌ఎఫ్ వాడితే ఈ రెండు చిక్కులూ తీరుతాయి. కాని 6.35ను "%.1ఎఫ్"తో రాయించండి. 6.4 రావాలని మీరు అనుకుంటారు, 6.3 వస్తుంది. ఇక్కడ ఫంక్షన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. 6.35 ద్విసంఖ్యామానంలో కచ్చితంగా ఇమడదు. డబుల్‌లో నిలిచేది 6.34999999999999964... అనే విలువ. ఉన్నదానినే ఆ ఫంక్షన్ నిజాయితీగా సవరించింది. లోపం నిల్వలో ఉంది కనుక మందు కూడా అక్కడే వేయాలి. శాతాన్ని నూరవ వంతులలో 635 అనే పూర్ణాంకంగా ఉంచుకోండి. ముద్రించేటప్పుడు 100తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ "%డి.%02డి"తో రాయండి. రైతు డబ్బుకు సంబంధించిన లెక్కలో డబుల్ వాడడాన్ని నేను ఒప్పుకోను.

ఇక అర్రే పరిమాణం. పది అక్షరాల అర్రే చాలుననుకోవడం పాత ల్యాబు అలవాటు. అతిపెద్ద రుణ డబుల్ విలువకు "%ఎఫ్" 317 అక్షరాలు తీసుకుంటుంది, చివరి శూన్య అక్షరంతో 318. ఎస్‌ప్రింట్‌ఎఫ్‌కు అర్రే హద్దు తెలియదు. సీ99 ప్రమాణంలో చేరిన ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కు హద్దు మనమే చెబుతాం. అవసరమైన పొడవును అది తిరిగి ఇస్తుంది. ఆ విలువను పరీక్షించకుండా వదిలేస్తే తెగిపోయిన అంకెలే చీటీ మీద పడతాయి. జీసీవీటీ సీ ప్రమాణంలో లేదు, దాని జోలికి వెళ్లకండి.

ఇప్పుడు 1.35ను కూడా "%.1ఎఫ్"తో ముద్రించి చూడండి. 1.4 వస్తుంది. 6.35ను దించిన ఫంక్షనే దీనిని పెంచింది. రెంటినీ "%.20ఎఫ్"తో రాయిస్తే కారణం మీకే కనిపిస్తుంది.